ఫార్మాట్ కొట్టే ముందు

ఐకాన్ మీద నొక్కుతారు. కర్సర్ పక్కన చిన్న చక్రం కాసేపు తిరుగుతుంది, ఆగిపోతుంది. బ్రౌజర్ విండో రాదు. పొరపాటు ఏమిటో చెప్పే పెట్టె కూడా రాదు. మళ్లీ నొక్కినా అంతే. లినక్స్ వాడేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇది.

విజయవాడ నుంచి ఏలూరు వైపు జాతీయ రహదారి పట్టుకుని వెళితే నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి, గన్నవరం, తేలప్రోలు వరసగా వస్తాయి. కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ప్రాంగణం. దారి పొడవునా కాలేజీలు, హాస్టళ్లు. ఈ కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు లినక్స్ ల్యాబులో పరిచయమవుతుంది. విండోస్ బరువు మోయలేని పాత ల్యాప్‌టాప్ మీద ఉబుంటునో మింట్‌నో ఎక్కించుకుని గదిలోనూ వాడుకుంటారు. పరీక్ష ఫీజు కట్టాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా బ్రౌజరే దారి. అది తెరుచుకోకపోతే సిస్టమ్ మొత్తం పాడైనట్టే అనిపిస్తుంది.

అప్పుడు చుట్టుపక్కల వినిపించే సలహా ఒకటే: "ఫార్మాట్ కొట్టేయ్." కొడితే బ్రౌజర్ తెరుచుకోవచ్చు. దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు, ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం పోతాయి. అంతకంటే పెద్ద నష్టం, అసలు ఏం జరిగిందో తెలుసుకునే అవకాశం పోవడం. కారణం అలాగే ఉండిపోతే అదే జబ్బు కొన్నాళ్లకు తిరిగి వస్తుంది. నిజానికి బ్రౌజర్ తెరుచుకోకపోవడానికి తరచుగా కనిపించే కారణాలు కొద్ది రకాలే. ఆ ఒక్కొక్క రకమూ తన గుర్తు తాను వదిలిపెడుతుంది. ఆ గుర్తు చదవడం నేర్చుకుంటే ఫార్మాట్ అవసరం దాదాపుగా రాదు. ఈ వ్యాసం ఆ చదువు గురించి.

నొక్కిన దగ్గర్నుంచి తెర దాకా

ఐకాన్ వెనక ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఏ ప్రోగ్రామును నడపాలో అందులో ఒక వరుసలో రాసి ఉంటుంది. డెస్క్‌టాప్ ఆ వరుస చదివి, కొత్త ప్రాసెస్ ఒకటి పుట్టించమని లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్‌ను అడుగుతుంది. కెర్నల్ ఆ ప్రోగ్రాము ఫైలు మొదటి బైట్లు చూసి, అది ఈ యంత్రం నడపగలిగే రకమో కాదో తేల్చుకుంటుంది. తర్వాత డైనమిక్ లింకర్ అనే చిన్న ప్రోగ్రాము రంగంలోకి దిగుతుంది. బ్రౌజర్‌కు కావలసిన లైబ్రరీలు, అంటే బటన్లు గీసేది, అక్షరాలు పేర్చేది, శబ్దం వినిపించేది, ఇలాంటివన్నీ డిస్కు మీద వెతికి తెచ్చి మెమరీలో జతచేస్తుంది.

ఇంతవరకూ బ్రౌజర్ సొంత కోడు ఒక్క వరుస కూడా నడవలేదు. ఇప్పుడు అది మొదలై, మీ హోమ్ ఫోల్డరులో ఉన్న ప్రొఫైల్‌ను వెతుకుతుంది. ఆ ప్రొఫైల్‌ను ఇంకెవరూ వాడకుండా తాళం వేసుకుంటుంది. వెబ్ పేజీల కోడును బంధించి ఉంచే శాండ్‌బాక్స్‌ను కడుతుంది. చివరకు తెరను నడిపే సర్వర్‌తో, అది ఎక్స్11 కావచ్చు, వేలాండ్ కావచ్చు, మాట కలిపి విండో అడుగుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ సాయంతో మొదటి బొమ్మ గీస్తుంది.

డెల్టాలో శివారు భూమికి నీళ్లు అందకపోతే కాలువలు కాసే లస్కర్ చేసే పని గుర్తు తెచ్చుకోండి. అతను పొలంలో గుంట తవ్వడు. కాలువ గట్టు పట్టుకుని నడిచి, ఏ తూము దాకా నీళ్లు వచ్చాయో, ఎక్కడ ఆగాయో చూస్తాడు. బ్రౌజర్ విషయంలో మనం చేయాల్సిందీ అదే. ప్రాసెస్, లైబ్రరీలు, ప్రొఫైల్, తాళం, శాండ్‌బాక్స్, తెర: ఈ మెట్లలో ఎక్కడి దాకా వచ్చి ఆగిందో తేలితే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడే ఒక తేడా స్పష్టంగా ఉంచుకోవాలి. విండో వచ్చి పేజీలు రాకపోవడం వేరు, విండోనే రాకపోవడం వేరు. మొదటిది నెట్ కనెక్షన్ సంగతి కావచ్చు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లినా పేజీలు రావు, ఎందుకంటే భద్రతా ధ్రువపత్రాల తేదీలు పొసగవు. మనం మాట్లాడుతున్నది రెండో సంగతి.

యంత్రం చెప్పింది ఎక్కడికి పోయింది?

లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ పుట్టుకతో మూడు దారులు ఉంటాయి: లోపలికి తీసుకునేది ఒకటి, ఫలితం బయటికి పంపేది ఒకటి, పొరపాట్లు చెప్పుకునేది ఒకటి. యునిక్స్ కాలం నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. ఐకాన్ నొక్కి నడిపినప్పుడు ఆ మూడో దారి తెర మీదకు రాదు. సాధారణంగా సిస్టమ్ జర్నల్‌లోకి వెళుతుంది. అంటే బ్రౌజర్ తన బాధ చెప్పే ఉంటుంది, మన కంట పడలేదంతే.

కాబట్టి మొదటి పని: టెర్మినల్ తెరిచి, బ్రౌజర్ పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టడం. ఫైర్‌ఫాక్స్ అయితే ఫైర్‌ఫాక్స్ అని, క్రోమియం అయితే క్రోమియం అని. అంతవరకూ మౌనంగా ఉన్న ప్రోగ్రాము అక్కడ వరుసలు వరుసలుగా మాట్లాడుతుంది. ఆ వరుసల్లో చాలావరకు హెచ్చరికలే. వాటితో ప్రమాదం లేదు. ప్రోగ్రాము ఆగిపోవడానికి సరిగ్గా ముందు వచ్చిన వరుసలు, "ఎర్రర్" అనో "ఫేటల్" అనో మొదలయ్యేవి, మనకు కావాలి. ఒక ఎర్రర్ నుంచి మరో పది ఎర్రర్లు పుడతాయి గనక, వాటిలో మొదటిది పట్టుకోవాలి.

ఏ వరుసా కనపడకుండా ఆగిపోతే, ఆ వెంటనే 'ఎకో' ఆదేశంతో ముగింపు సంఖ్యను అడగవచ్చు. ఎకో పక్కన డాలర్ గుర్తు, దానికి ఆనించి ప్రశ్నార్థకం. ప్రతి ప్రాసెస్ చనిపోతూ ఒక సంఖ్య వదిలి వెళుతుంది. సున్నా వస్తే తనంతట తాను సవ్యంగా ముగిసింది. 126 వస్తే ఫైలు ఉంది కానీ నడిపే అనుమతి లేదు. 127 వస్తే ఆ పేరుతో ప్రోగ్రామే దొరకలేదు, లేదా దానికి కావలసిన లైబ్రరీ దొరకలేదు. 128 దాటిన సంఖ్యలు వస్తే సాధారణంగా బయటి నుంచి ఒక సిగ్నల్ తగిలి చనిపోయిందని అర్థం. 128 తీసేస్తే మిగిలేది ఆ సిగ్నల్ సంఖ్య. 139 అంటే 11వ సిగ్నల్, సెగ్మెంటేషన్ ఫాల్ట్: తనది కాని మెమరీని ముట్టుకోబోయింది. 137 అంటే 9వ సిగ్నల్: ఎవరో బలవంతంగా చంపారు. ఒక్క సంఖ్యతో వెతకాల్సిన చోటు ఇంత కుదించుకుపోతుంది.

తాళం వేసి ఉంది

ఒకే ప్రొఫైల్‌ను రెండు బ్రౌజర్ ప్రాసెస్‌లు ఒకేసారి రాస్తే బుక్‌మార్కులు, చరిత్ర, పాస్‌వర్డులు అన్నీ చెడిపోతాయి. అందుకని తెరుచుకుంటూనే బ్రౌజర్ తాళం వేస్తుంది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డరులో 'లాక్' పేరుతో ఒక సింబాలిక్ లింక్ కనిపిస్తుంది. అది ఏ ఫైలుకూ దారి చూపదు. యంత్రం ఐపీ చిరునామా, ప్రాసెస్ సంఖ్య దాని మీద రాసి ఉంటాయి. దీనికి తోడు కెర్నల్ దగ్గర వేసే అసలు తాళం ఇంకొకటి ఉంది. ప్రాసెస్ చనిపోగానే ఆ తాళం దానంతట అదే విడిపోతుంది. కాబట్టి కరెంటు పోయి యంత్రం ఆగినా, తర్వాత ఫైర్‌ఫాక్స్ సాధారణంగా ఇబ్బంది లేకుండా లేస్తుంది.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, పాత ప్రాసెస్ నిజంగా చావనప్పుడు. విండో మూసేశాం, లోపల అది హ్యాంగ్ అయి బతికే ఉంది. అప్పుడు "ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోంది, కానీ స్పందించడం లేదు" అనే అర్థంతో పెట్టె వస్తుంది. 'పీగ్రెప్' ఆదేశంతో ఆ ప్రాసెస్ ఉందో లేదో చూసి, 'పీకిల్'తో ముగిస్తే చాలు. కంప్యూటర్ మళ్లీ స్టార్ట్ చేసినా ఇదే ఫలితం వస్తుంది గనక, రీస్టార్ట్ మందులా పనిచేసినట్టు కనిపిస్తుంది.

క్రోమియం, క్రోమ్‌ల తాళం కథ కొంచెం వేరు. వాటి 'సింగిల్‌టన్ లాక్' మీద యంత్రం పేరు, ప్రాసెస్ సంఖ్య ఉంటాయి. కాలేజీ ల్యాబులో విద్యార్థుల హోమ్ ఫోల్డర్లు ఒకే సర్వర్ మీద ఉన్నాయనుకోండి. ఉదయం ఒక సిస్టమ్ మీద బ్రౌజర్ మూయకుండా వెళ్లిపోయిన విద్యార్థి, మధ్యాహ్నం ఇంకో సిస్టమ్ మీద కూర్చుంటాడు. తాళం మీద వేరే యంత్రం పేరు ఉంటుంది. ఆ యంత్రంలో ప్రాసెస్ ఇంకా బతికుందో లేదో ఇక్కడి నుంచి తెలియదు. అందుకని ప్రొఫైల్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉందని చెప్పి ఆగిపోతుంది. సొంత ల్యాప్‌టాప్‌కు పేరు మార్చినవారికి కూడా, పాత తాళం మిగిలి ఉంటే, ఇదే ఎదురవుతుంది. ఎక్కడా పాత ప్రాసెస్ లేదని తేల్చుకున్నాక 'సింగిల్‌టన్' పేరుతో మొదలయ్యే ఫైళ్లు తొలగిస్తే తెరుచుకుంటుంది. తేల్చుకోకుండా తొలగిస్తే, తాళం ఏ నష్టాన్ని ఆపడానికి పుట్టిందో ఆ నష్టమే జరుగుతుంది.

కరెంటు పోయింది, డిస్కు నిండింది

మే నెలలో గన్నవరం వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. ఎండ దెబ్బకు కరెంటు కోతలు, వానాకాలం తుపానులు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అలాంటప్పుడు రాస్తున్న ఫైలును సగంలో వదిలేసి ఆగిపోతాయి.

ఈ దెబ్బ తట్టుకోవడానికి లినక్స్‌లో ఏర్పాటు ఉంది. ఉబుంటు, మింట్ వంటి చాలా డిస్ట్రిబ్యూషన్లలో వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్, చేయబోయే మార్పును ముందు తన సొంత జర్నల్‌లో రాసుకుని ఆ తర్వాత చేస్తుంది. తిరిగి లేచినప్పుడు జర్నల్ చూసుకుని సగంలో ఆగిన పనిని సరిదిద్దుకుంటుంది. బ్రౌజర్ బుక్‌మార్కులు దాచుకునే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కూడా ఇలాంటి జాగ్రత్తే తీసుకుంటుంది. అయినా డిస్కు మీద తీవ్రమైన పొరపాటు కనిపిస్తే ఉబుంటు, డెబియన్‌ల మామూలు అమరికలో ఆ విభాగం చదవడానికి మాత్రమే మిగులుతుంది, రాయనివ్వదు. అప్పుడు బ్రౌజర్ తాళం కూడా వేసుకోలేదు. టెర్మినల్‌లో "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అన్న మాట కనిపిస్తుంది. ఇది బ్రౌజర్ జబ్బు కాదు. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి 'ఎఫ్ఎస్‌సీకే'తో డిస్కు సరిచూడాలి. మాటిమాటికీ ఇలా అవుతుంటే హార్డ్ డిస్కే చివరి రోజుల్లో ఉందేమో 'స్మార్ట్‌సీటీఎల్'తో పరీక్షించాలి. ఇలాంటి డిస్కు మీద ఫార్మాట్ కొట్టి మళ్లీ అదే డిస్కును నమ్ముకోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

డిస్కు నిండిపోవడం ఇంకా మామూలు కారణం. తాళం ఫైలు రాయడానికి చోటు లేకపోతే బ్రౌజర్ లేవదు. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అన్నది దాని గుర్తు. 'డీఎఫ్' ఆదేశం ఏ విభాగం ఎంత నిండిందో చూపిస్తుంది, 'డీయూ' ఏ ఫోల్డరు ఎంత మింగిందో చెబుతుంది. ఎక్స్‌ట్4 మామూలు అమరికలో 5 శాతం చోటును రూట్ కోసం, అంటే సర్వాధికారాలున్న ఖాతా కోసం, పక్కన పెడుతుంది. అందుకే చోటు కాస్త ఉన్నట్టే ఉండి మామూలు వినియోగదారుకు మాత్రం దక్కదు. ఒక్కోసారి చోటు ఉన్నా ఫైళ్ల సంఖ్య హద్దు దాటిపోతుంది. ఎక్స్‌ట్4లో ఆ హద్దు ఫార్మాట్ చేసిన రోజే నిర్ణయమవుతుంది. 'డీఎఫ్'కు 'ఐ' చేరిస్తే ఆ లెక్క కనిపిస్తుంది. హోమ్ ఫోల్డరులోని క్యాష్, చెత్తబుట్ట ఖాళీ చేస్తే తరచుగా అక్కడితో సమస్య తీరిపోతుంది.

సుడో చేసిన చేటు

ఏ పనీ కాకపోతే ఆదేశం ముందు సుడో పెట్టి చూడటం చాలామందికి అలవాటు. బ్రౌజర్‌ను సుడోతో నడపడం మాత్రం కొత్త జబ్బు తెచ్చుకోవడమే. సుడోతో నడిచిన ప్రోగ్రాము రూట్ హోదాలో ఉంటుంది. మీ హోమ్ ఫోల్డరులో అది సృష్టించిన ఫైళ్ల యజమాని రూట్ అవుతుంది. మర్నాడు మామూలుగా నడిపితే తన ప్రొఫైల్‌లోని ఫైళ్లే తనకు చేతికందవు. ప్రొఫైల్ తెరవలేకపోయానని, అది లేకపోవచ్చు లేదా అందుబాటులో లేకపోవచ్చునని ఫైర్‌ఫాక్స్ చెబుతుంది. ఈ ప్రమాదం తెలిసే, వేరే వినియోగదారు సెషన్‌లో రూట్‌గా నడపబోతే ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు నిరాకరిస్తుంది. క్రోమ్ కూడా రూట్‌గా నడవనంటుంది.

జరిగిపోయిన చేటుకు మందు సులువే. ప్రొఫైల్ ఫోల్డరు యాజమాన్యాన్ని 'సీహెచ్ఓన్' ఆదేశంతో తిరిగి మీ పేరుకు మార్చాలి. ఆ ఒక్క ఆదేశానికి సుడో అవసరం. యాజమాన్యం మార్చడం రూట్ పని, బ్రౌజర్ నడపడం మన పని. ఆ రెండింటి మధ్య హద్దు తెలిస్తే లినక్స్ భద్రత మొత్తం సగం అర్థమైనట్టే.

గోడలు ఎందుకు కట్టారో తెలుసుకుని ముట్టుకోవాలి

వెబ్ పేజీ అంటే మనకు తెలియనివారు రాసిన ప్రోగ్రాము మన యంత్రంలో నడవడం. అందుకే ఈనాటి బ్రౌజర్లు పేజీలను వేరువేరు ప్రాసెస్‌లలో, శాండ్‌బాక్స్ అనే గోడల మధ్య నడుపుతాయి. పేజీలోని కోడు చెడ్డదైనా మీ ఫైళ్లను తాకకుండా ఆ గోడ ఆపుతుంది. లినక్స్‌లో ఈ గోడ కట్టడానికి క్రోమియం కుటుంబం యూజర్ నేమ్‌స్పేస్ అనే కెర్నల్ సదుపాయాన్ని వాడుకుంటుంది. అది లేనిచోట రూట్ హక్కులున్న చిన్న సహాయక ప్రోగ్రాము మీద ఆధారపడుతుంది.

ఈ సదుపాయాన్ని దాడి చేసేవారు కూడా వాడుకుంటున్నారని ఉబుంటు 24.04లో, అంటే 2024 ఏప్రిల్ నుంచి, దాన్ని యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ ద్వారా కట్టడి చేశారు. పద్ధతి ప్రకారం ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసిన బ్రౌజర్లకు అనుమతి ముందే రాసి ఉంటుంది. ఎక్కడినుంచో దించుకుని హోమ్ ఫోల్డరులో విప్పుకున్న క్రోమియం రకం బ్రౌజర్‌కు ఆ అనుమతి ఉండదు. అది వాడదగ్గ శాండ్‌బాక్స్ లేదంటూ ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకున్న బ్రౌజర్ ఫోల్డరుకు ఇంకో చిక్కు. సహాయక ప్రోగ్రాము యజమాని రూట్ అయి ఉండాలి, దాని అనుమతులు 4755 అయి ఉండాలి. పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫైల్ సిస్టమ్ ఈ వివరాలు దాచుకోదు.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి చెబుతారు: శాండ్‌బాక్స్ వద్దని చెప్పే 'నో-శాండ్‌బాక్స్' అనే మాట చేర్చి నడపమని. బ్రౌజర్ తెరుచుకుంటుంది. గోడ మాత్రం ఉండదు. ఆ బ్రౌజర్‌లోనే బ్యాంకు ఖాతా తెరుస్తాం, ఆధార్ నంబరు ఇస్తాం, ఓటీపీ కొడతాం. దయచేసి ఆ దారి పట్టకండి. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీనే వేసుకుంటే ఈ సమస్య తీరిపోతుంది.

ఉబుంటులో ఇంకో గోడ స్నాప్. 2021 అక్టోబరులో వచ్చిన 21.10 నుంచి ఉబుంటు ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపంలో ఇస్తోంది. క్రోమియం అంతకంటే ముందే 2019లో స్నాప్‌కు మారింది. స్నాప్ అంటే ప్రోగ్రామునూ దాని లైబ్రరీలనూ ఒకే మూటగా కట్టి, బయటి ఫైళ్లతో పరిమితంగా మాత్రమే కలవనివ్వడం. దీని నియమాల ప్రకారం హోమ్ ఫోల్డర్లు మామూలు 'హోమ్' డైరెక్టరీలోనే ఉంటాయని లెక్క. ల్యాబు సర్వర్‌లో అవి ఇంకెక్కడైనా ఉంటే, బయట ఉన్న హోమ్ ఫోల్డర్లకు అదనపు అమరిక కావాలని చెప్పి ఆగిపోతుంది. ఆ అమరిక ల్యాబు నిర్వాహకులు ఒక్కసారి చేస్తే అందరికీ పనిచేస్తుంది. అది తెలియక ఒక్కో సిస్టమ్ ఫార్మాట్ కొట్టుకుంటూ పోతే వారం గడిచినా ఫలితం ఉండదు.

పాత యంత్రం, కొత్త బ్రౌజర్

క్రోమ్ 32 బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 2025 నవంబరులో వచ్చిన 145వ వెర్షన్‌తో వదిలేసింది. 64 బిట్ ప్రోగ్రామును 32 బిట్ సిస్టమ్ మీద నడపబోతే కెర్నల్ ఫైలు మొదట్లోనే గుర్తుపట్టి "ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్" అంటుంది. ప్రాసెసర్ మరీ పాతదై, క్రోమ్ 2021 నుంచి తప్పనిసరి చేసిన ఎస్ఎస్ఈ3 ఆదేశాలు దానికి తెలియకపోయినా క్రోమ్ నడవదు. ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం ఏ ప్రోగ్రాములో ఎదురైనా "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అన్న మాట మిగులుతుంది. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 64 బిట్‌ది అయినా ఎక్కించిన లినక్స్ 32 బిట్‌ది అయి ఉంటుంది. ఇలాంటప్పుడు 64 బిట్ లినక్స్ కొత్తగా ఎక్కించడమే సరైన మందు. కారణం తెలిసి చేసే పని కాబట్టి, ముందే ఫైళ్లు దాచుకుని చేస్తాం.

మెమరీ తక్కువైనప్పుడు కనిపించేది 137. ర్యామ్ పూర్తిగా అయిపోతే కెర్నల్ మిగతా యంత్రాన్ని బతికించడానికి బాగా మెమరీ తింటున్న ప్రాసెస్‌ను ఎంచి చంపుతుంది. సాధారణంగా అది బ్రౌజరే. 'డీమెసేజ్' ఆదేశంలో "అవుట్ ఆఫ్ మెమరీ" అని రాసి ఉంటుంది. గతంలో తెరిచిన డజన్ల ట్యాబులు ఒక్కసారిగా లేవడం దీనికి కారణం కావచ్చు. స్వాప్ ఫైలు కొంచెం పెంచడం, ట్యాబులు తగ్గించుకోవడం, వీలైతే ర్యామ్ ఒక మెట్టు పెంచుకోవడం మందు.

అప్‌డేట్ సగంలో ఆగిపోయినప్పుడు లైబ్రరీ లోపిస్తుంది. ఫలానా పేరున్న లైబ్రరీ తెరవలేకపోయానని డైనమిక్ లింకర్ ఆ పేరుతో సహా చెబుతుంది. డెబియన్ కుటుంబంలో 'ఆప్ట్'తో విరిగిన ప్యాకేజీలు సరిచేయమంటే మిగిలిన పని అది పూర్తి చేస్తుంది.

తెర దాకా వచ్చి ఆగితే

లైబ్రరీలు, ప్రొఫైల్, తాళం అన్నీ బాగున్నా విండో గీసే దగ్గర ఆగవచ్చు. ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి అక్కడ బ్రౌజర్ నడపబోతే "కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే" అంటుంది. ఆ టెర్మినల్‌కు తెర ఏదో తెలియకపోవడమే కారణం. ఎదురుగా కూర్చునే నడిపినా ఆగితే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. కెర్నల్ అప్‌డేట్ అయి, దానికి సరిపడే డ్రైవర్ రాకపోతే ఇలా అవుతుంది. క్రోమియంను జీపీయూ వాడొద్దని చెప్పి నడపడం, ఫైర్‌ఫాక్స్‌ను ట్రబుల్‌షూట్ మోడ్‌లో నడపడం ఇక్కడ పరీక్షలు. ఆ మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు, గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ సాయం రెండూ ఆగుతాయి. 2023 డిసెంబరులో వచ్చిన 121వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్, వేలాండ్ సెషన్ ఉన్నచోట వేలాండ్‌నే వాడుతోంది. ఒకసారి ఎక్స్11 సెషన్‌లో లాగిన్ అయి చూస్తే లోపం ఏ వైపు ఉందో తెలుస్తుంది.

తేల్చి చెప్పే పరీక్ష

ఇంత చూశాక కూడా అనుమానం తీరకపోతే ఒక ప్రయోగం ఉంది. ఫైర్‌ఫాక్స్‌ను ప్రొఫైల్ మేనేజర్‌తో తెరిచి కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించాలి. కొత్త ప్రొఫైల్‌తో తెరుచుకుంటే ప్రోగ్రాము, లైబ్రరీలు, తెర, డ్రైవర్ అన్నీ నిర్దోషులు. లోపం పాత ప్రొఫైల్‌లో ఉంది. కొత్తదానితోనూ తెరుచుకోకపోతే ప్రొఫైల్ నిర్దోషి. ఇంకా తేలాలంటే కొత్త యూజర్ ఖాతా తెరిచి అందులో నడపాలి. ఒక్కో పరీక్షకు ఒక్కో మార్పే చేయాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు.

పాత ప్రొఫైల్‌లో లోపం ఉందని తేలినా దాన్ని తొలగించవద్దు, పేరు మార్చి పక్కన పెట్టండి. పాస్‌వర్డులు అందులోని 'కీ4' డేటాబేస్, 'లాగిన్స్' ఫైలు ఈ రెండింటిలో ఉంటాయి. రెండూ కలిపి కొత్త ప్రొఫైల్‌లోకి తెచ్చుకోవాలి, ఒకటి లేకుండా రెండోది పనిచేయదు. బుక్‌మార్కులు 'ప్లేసెస్' డేటాబేస్‌లో ఉంటాయి; వాటి నకళ్లు ఇంకో ఫోల్డరులో కూడా దాచి ఉంటాయి. స్నాప్ ఫైర్‌ఫాక్స్ అయితే ప్రొఫైల్ హోమ్‌లోని 'స్నాప్' ఫోల్డరు లోపల ఉంటుందని మరవకూడదు.

మన అక్షరం నేర్పిన పాఠం

ప్రోగ్రాము కూలిపోయినప్పుడు మొదటి నింద వాడేవారి మీద పడుతుంది: "నువ్వే ఏదో నొక్కి ఉంటావు." 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ఈ నిందను తిప్పికొట్టింది. జ, ఞ ఒత్తు, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక నియంత్రణ గుర్తు, ఆపైన దీర్ఘం: ఈ వరస ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కూలిపోయాయి, నోటిఫికేషన్‌గా వస్తే ఫోను హోమ్ స్క్రీనే మళ్లీ మళ్లీ మొదలయ్యేది. తప్పు అక్షరానిది కాదు, అక్షరాలు పేర్చే లైబ్రరీలో ఆ వరసను ఊహించని కోడుది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరసలు ఉన్నాయని పరిశీలించినవారు చూపించారు.

లినక్స్‌లో అదే పనిని ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా లైబ్రరీతో చేస్తాయి. దాని కోడు ఎవరైనా చదవవచ్చు, లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, రెడ్ హ్యాట్ ఇచ్చిన లోహిత్ తెలుగు ఖతి లినక్స్‌లో ప్యాకేజీలుగా దొరుకుతున్నాయంటే ఇలాంటి స్వేచ్ఛే కారణం. సీ-డాక్ 2007లో బాస్ లినక్స్‌ను భారతీయ భాషలతో తెచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులో కనిపిస్తున్నాయంటే తెలుగువారు స్వచ్ఛందంగా కూర్చుని అనువదించడం వల్లే. వీరందరూ లోపాన్ని చూసి పక్కకు తప్పుకోకుండా, అది ఏమిటో కనిపెట్టి, సరిచేసి, పదిమందికీ ఇచ్చినవారు.

ల్యాబులో ఒక గంట

గన్నవరం చుట్టుపక్కల కాలేజీలకూ, ఆంధ్రదేశంలో లినక్స్ నేర్పే ప్రతి ల్యాబుకూ ఒక సూచన. ఒక గంట క్లాసు దీనికి కేటాయించండి. వర్చువల్ మెషీన్‌లో బ్రౌజర్‌ను కావాలని పాడుచేయండి. ఒకదానిలో ప్రొఫైల్ యాజమాన్యం మార్చండి, ఒకదానిలో డిస్కు నింపండి, ఒకదానిలో ఒక లైబ్రరీ పక్కకు తీయండి, ఒకదానిలో పాత తాళం వదిలేయండి. ఏం చేశారో చెప్పకుండా విద్యార్థుల ముందు పెట్టండి. ఫార్మాట్ నిషేధం. ఇంటర్నెట్‌లో దొరికిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా అతికించడం కూడా నిషేధం. ఎక్కడి దాకా నడిచి ఎందుకు ఆగిందో రెండు వాక్యాల్లో రాసి, ఆ తర్వాతే మందు వేయాలి.

ఆ రెండు వాక్యాలు తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు. రేపు కేసరపల్లిలోని ఏ కంపెనీలోనో సర్వర్ ఆగిపోయినప్పుడు వాళ్లు చేయాల్సిన పని సరిగ్గా అదే: లాగ్ చదవడం, మొదటి ఎర్రర్ పట్టుకోవడం, ఒక్క మార్పు చేసి ఫలితం చూడటం. పెద్ద సర్వర్‌లోనూ హాస్టల్ గదిలోని పాత ల్యాప్‌టాప్‌లోనూ నడిచే కెర్నల్ ఒకటే. ముగింపు సంఖ్యలు, సిగ్నళ్లు, అనుమతులు ఒకటే. నిజంగా బ్రౌజర్‌లోనే లోపం ఉందని తేలితే, ఏ వెర్షన్, ఏ డిస్ట్రిబ్యూషన్, ఏ ఎర్రర్ అన్న వివరాలతో మొజిల్లా వారి బగ్‌జిల్లాలోనో ఉబుంటు వారి లాంచ్‌ప్యాడ్‌లోనో నమోదు చేయించండి. గన్నవరంలోని ఒక విద్యార్థి స్పష్టంగా రాసిన లోపం సరిదిద్దబడితే, ఆ దిద్దుబాటు తర్వాతి అప్‌డేట్‌తో ఆ బ్రౌజర్ వాడే అందరికీ చేరుతుంది. ఫార్మాట్ కొడితే బాగయ్యేది ఒక్క సిస్టమ్, అదీ మళ్లీ పాడయ్యేదాకా.